చెవిన పడిన కూత

మా తోడల్లుడు వైద్యం చదవలేదు. అయినా నూట ఎనభై మంది ఆయన్ని డాక్టరుగారనే పిలుస్తారు. చొక్కాలు కుట్టే కార్ఖానాలో ఆయన మెషీన్ల మెకానిక్కు. ఏదైనా మెషీను కుట్టు తప్పుతోందంటే ముందు దాన్ని విప్పడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను మెషీను ఒంటికి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంటాడు. "సూది దగ్గర కాదమ్మా, వెనకాల బేరింగు ఏడుస్తోంది" అంటాడు. విప్పి చూస్తే నిజంగా బేరింగే. అంతమంది అమ్మాయిలు, అన్ని మోటార్లు, పైన పెద్ద ఫ్యాన్లు, ఆ సంతలో ఒక బేరింగు ఏడుపు ఆయనకెలా వినపడుతుందో నాకు ఈనాటికీ తెలియదు. నాకైతే ఆ హాల్లో నా మాటే నాకు వినపడదు.

నేను ఆయన్ని అన్నయ్యా అంటాను, ఆయన భార్యను వదినా అంటాను. వదిన మా ఆవిడకు సొంత అక్క. నేను ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాను. పెళ్లి శుభలేఖ చేతికిచ్చినా ముందు అచ్చుతప్పులు వెతికి, ఆ తర్వాతే పెళ్లెవరిదో చూసే రకాన్ని. అక్కచెల్లెళ్లిద్దరికీ దేవుడు సమానంగా అన్యాయం చేశాడని మా ఆవిడ అంటుంది. ఒకరికి తప్పులు వెతికే మొగుడు, ఒకరికి మోతలు వెతికే మొగుడు.

వదిన ఫిర్యాదు వేరు. "వీధి చివర సూది విరిగినా ఈయనకి వినపడుతుంది. పక్కగదిలోంచి నేను పదిసార్లు పిలిచినా వినపడదు. పైగా నన్ను చెవిలో జోరీగ అంటారు" అనేది. అన్నయ్య అది కూడా వినపడనట్టే ఉండేవాడు.

ఆయనకు ఈ విద్య నేర్పిన మేస్త్రి చెవిటివాడు. పుట్టుకతో కాదు. వయసులో ఉండగా క్షయ పట్టుకుంటే నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ ఇంజక్షన్లు పొడిచారట. ఊపిరితిత్తులు బాగుపడ్డాయి గానీ చెవులు పోయాయి. ముందు సన్నటి శబ్దాలు, తర్వాత మాటలు, చివరికి తలుపు చప్పుడు కూడా. అన్నయ్య ఇరవై నాలుగేళ్ల వయసులో ఆయన దగ్గర చేరింది పని నేర్చుకోవడానికే అయినా, నిజానికి చేసిన ఉద్యోగం ఆయన చెవిగా ఉండడం. మేస్త్రి మెషీను మీద వేళ్లు ఆనించి "కూతా, గరగరా?" అని అడిగేవాడు. అన్నయ్య విని, గట్టిగా పెదాలు కదిలించి చెప్పేవాడు. ఆ మందు లేకపోతే మేస్త్రి మరో ముప్పై ఏళ్లు బతికేవాడు కాదని అన్నయ్యకు తెలుసు. కానీ చివరి రోజుల్లో ఆ మనిషి హాలు మధ్య నిలబడి "అన్నీ నడుస్తున్నాయా?" అని అడగడం కూడా ఆయనకు తెలుసు. చుట్టూ వంద మెషీన్లు నడుస్తుండగా అడిగేవాడట.

ఇంత కథ ఎందుకు చెప్తున్నానంటే, యాభై ఆరో ఏట అన్నయ్యకు అదే కుటుంబానికి చెందిన మందు అవసరమైంది.

జ్వరం సోమవారం మొదలైంది. నడుముకు కుడిపక్కన నొప్పి, పళ్లు టకటకలాడే చలి. మెషీన్ల దగ్గర వంగి వంగి పట్టేసిందనుకున్నాడు. నాలుగు రోజులు మాత్రలు మింగి తిరిగాడు. పరాయి మెషీనులో చిన్న గరగర వింటే నిద్రపట్టని మనిషి, సొంత ఒంట్లో మోటారు కాలిపోతున్నా పట్టించుకోలేదు. శుక్రవారం మెట్ల మీద కూలబడ్డాడు. ఆస్పత్రిలో చేర్చాం. కిడ్నీకి ఇన్‌ఫెక్షను, అది రక్తంలోకి పాకింది అన్నారు. మొదట ఎక్కించిన మందుకు ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరి బిగపట్టేసింది. దాన్ని ఆపేశారు. వేరే మందు పెట్టారు. జ్వరం బెత్తెడు కూడా దిగలేదు.

ఆదివారం పొద్దున కల్చర్ రిపోర్టు వచ్చింది. ఆయన రక్తంలో దొరికిన క్రిమిని పెంచి, దాని మీద ఒక్కో మందూ ప్రయోగించి చూసిన ఫలితాలవి. డాక్టరమ్మ ఆ కాగితం మా ముందు పెట్టింది. నలభై ఏళ్లుండొచ్చు, గొంతు నెమ్మదే గానీ మాట సూటిగా ఉంటుంది.

"పదిహేను మందులు పరీక్షించారు. పన్నెండు దీని మీద పనిచేయవు. మిగిలిన మూడింటిలో ఒకటి మీకు పడలేదు, చూశాం కదా. ఒకటి ఉత్త మాత్ర, మూత్రంలోనే పనిచేస్తుంది, రక్తంలోకి పాకినదాన్ని పట్టలేదు. ఇక మిగిలింది అమికాసిన్."

అన్నయ్య జ్వరంలో కూడా తల ఎత్తాడు. "అది స్ట్రెప్టోమైసిన్‌కి ఏమవుతుంది?"

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆశ్చర్యపోయింది. "చుట్టమే. ఇద్దరూ అమైనోగ్లైకోసైడ్ల కుటుంబం."

"అయితే వద్దమ్మా."

వదిన నోరు తెరిచింది. ముప్పై ఏళ్ల కాపురంలో దాచుకున్నదంతా అప్పుడే తీసింది. "వద్దా? బతికుంటే బలుసాకు తినొచ్చన్నారు పెద్దలు. మీరు పోయాక ఆ చెవులు పట్టుకుని నేనేం చేసుకోను? నేను పిలిస్తే ఎలాగూ వినపడని చెవులే కదా!"

"నీకేం తెలుసు. చెవి పోతే నేను మెకానిక్కుని కాను. ఉత్త స్క్రూడ్రైవరుని."

డాక్టరమ్మ వాళ్లిద్దర్నీ ఆపలేదు, కోప్పడలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్కడే నాకు ఆమె మీద గౌరవం కలిగింది. "మీకు మేస్త్రిగారి సంగతి తెలుసు, కాబట్టి దాచి చెప్పను. ఈ మందు చెవి లోపల చేరే మాట నిజం. అక్కడ శబ్దాన్ని పట్టే సన్నటి కణాలుంటాయి. అవి చస్తే మళ్లీ పుట్టవు. కిడ్నీలకూ కొంత ప్రమాదమే, కానీ అవి చాలావరకు తేరుకుంటాయి. అందరికీ ఇలా జరగదు. మేస్త్రిగారికి నెలల తరబడి ఇచ్చారు, మీకు ఏడు రోజులు. మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఇలాంటి ఇంజక్షన్ల తర్వాత చెవుడు వచ్చిందా?"

"లేదు."

"మంచిది. కొన్ని కుటుంబాల్లో తల్లి వైపు నుంచి ఆ బలహీనత వస్తుంది. మీ బరువు, మీ కిడ్నీల పనితనం చూసి డోసు లెక్కగడతాను. మధ్యమధ్యలో తర్వాతి డోసుకు ముందు రక్తం తీసి, నిన్నటి మందు ఒంట్లోంచి పోయిందో లేదో చూస్తాను. పోకుండా ఉండిపోతేనే ప్రమాదం."

అన్నయ్య, మెకానిక్కు కదా, అసలు ప్రశ్న అడిగాడు. "ఇది క్రిమిని ఎలా చంపుతుంది?"

"క్రిమి లోపల బోలెడు చిన్న చిన్న మెషీన్లుంటాయి. డిజైను రాసి ఉన్న సన్నటి నాడా ఒకటి వాటి గుండా జారుతుంటే, చదువుకుంటూ ప్రొటీన్లు కుడుతుంటాయి. ఈ మందు వెళ్లి ఆ మెషీను పాదం దగ్గర ఇరుక్కుంటుంది. మెషీను ఆగదు. డిజైను తప్పు చదువుతుంది."

"అచ్చుతప్పులు!" అన్నాను నేను, ఆపుకోలేక.

"తప్పు కుట్టు" అని అన్నయ్య నన్ను దిద్దాడు. "తర్వాత?"

"తప్పుగా కుట్టిన ప్రొటీన్లు దాని పైపొరలోకి చేరి, పొరకు చిల్లులు పెడతాయి. ఆ చిల్లుల్లోంచి మందు ఇంకా లోపలికి పోతుంది. ఇంకా తప్పులు పడతాయి. చివరికి చస్తుంది."

"అంటే, దాని చేతే చిల్లుల చొక్కా కుట్టించి, దానికే తొడిగిస్తారన్నమాట." మూడు రోజుల తర్వాత ఆయన ముఖంలో మొదటిసారి నవ్వు లాంటిది కనిపించింది. "మరి నా ఒంట్లో మెషీన్లు?"

"మీవి వేరే మోడల్. ఈ మందు వాటికి సరిగా అతకదు."

"రోజుకెన్నిసార్లు?"

"ఒక్కసారే, డ్రిప్పులో. గట్టిగా ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తాం. రక్తంలో మందు తగ్గాక కూడా దెబ్బతిన్న క్రిమి కొన్ని గంటల దాకా తేరుకోదు. ఆ ఖాళీలో మీ కిడ్నీలు మందును బయటికి పంపేస్తాయి."

అన్నయ్య ఒప్పుకున్నాడు. చిల్లుల చొక్కా ఆయనకు నచ్చిందని నా అనుమానం.

పదకొండు గంటలకు మొదటి డోసు ఎక్కుతుండగానే, చెవులు పరీక్షించే అమ్మాయి పెట్టె పట్టుకుని మంచం దగ్గరికే వచ్చింది. ఇయర్‌ఫోన్లు పెట్టి, సన్నటి, ఇంకా సన్నటి శబ్దాలు వినిపించింది. వినపడినప్పుడల్లా ఈయన వేలెత్తాలి. ఎత్తి ఎత్తి ఆ అమ్మాయిని కంగారుపెట్టాడు. "ఈ వయసుకి ఇంత వినికిడి నేను చూడలేదు సార్" అంది. వదిన గర్వంతో నా వైపు చూసి, వెంటనే కళ్లు తుడుచుకుంది. ఉన్న ఆస్తి ఎంతో తెలిశాకే పోతుందన్న భయం పెరుగుతుంది.

రెండో రోజు జ్వరం దిగడం మొదలైంది. మూడో రోజు అన్నయ్య లేచి కూర్చుని, డ్రిప్పు స్టాండు చక్రానికి నూనె లేదని సిస్టరుతో గొడవ పెట్టుకున్నాడు. కార్ఖానా నుంచి ఆరుగురు అమ్మాయిలు చూడ్డానికి వచ్చారు. కింద "డాక్టరుగారి గది ఎక్కడ?" అని అడిగితే, వాళ్లను తీసుకెళ్లి డ్యూటీ డాక్టర్లు టిఫిను తింటున్న గదిలో నిలబెట్టారట. వదినకు ఫోన్ల మీద ఫోన్లు. "ఎలా ఉన్నారు, ఎలా ఉన్నారు" అని అడిగేవాళ్లకు జవాబు చెప్పీ చెప్పీ ఫోను చచ్చిపోతోందని, ఆస్పత్రి ఎదురుగా ఉన్న దుకాణంలో కొత్త చార్జరు కొనుక్కుంది. మాకు కాస్త ఊపిరాడింది.

నాలుగో రోజు పొద్దున పదింటికి నేను వెళ్లేసరికి వదిన వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది.

"మందు ఆపేశారు మరిదీ. చెవుల్లో మోత మొదలైందట."

గదిలో అన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు, తలుపు మూసి బయటికి వచ్చేశాను. వరండాలో డాక్టరమ్మ వదినతో తగ్గు గొంతుతో మాట్లాడుతోంది. తలుపు మూసే ఉంది. "మోత అంటే చెవి దెబ్బతినడానికి మొదటి గుర్తు కావచ్చు. ఆపితే చెవికి మంచిది. కానీ మూడు డోసులే పడ్డాయి. క్రిమి పూర్తిగా చావకపోతే తిరగబెడుతుంది, అప్పుడు నా చేతిలో ఇంకో మందు లేదు. ఆయన్ని మీరే అడగాలి."

వదిన ఏదో గుసగుసగా చెప్పింది, నాకు వినపడలేదు. తర్వాత మెట్లు దిగి కిందికి వెళ్లిపోయింది. ఏడవడానికి వెళ్లిందనుకున్నాను.

నాకు దుఃఖం వస్తే కోపం వస్తుంది, కోపం వస్తే కాగితాలు చదువుతాను. లోపలికి వెళ్లి, మంచం చివర వేలాడుతున్న షీటు తీసుకున్నాను. రోజూ పొద్దున సిస్టరు అడిగి రాసే ప్రశ్నలు అందులో ఉన్నాయి. తల తిరుగుతోందా? మూత్రం ఎంత? చెవుల్లో మోత ఉందా? మూడు రోజులు 'లేదు' అని ఉంది. నాలుగో రోజు 'ఉంది, సన్నటి కూత, నిన్నటి నుంచి' అని ఉంది.

నా ప్రాణం ఆ 'కూత' దగ్గర ఆగింది. అది రోగులు వాడే మాట కాదు, మా అన్నయ్య మాట. మెషీనుకు వాడే మాట.

"సిస్టర్, మా అన్నయ్య సరిగ్గా ఏమన్నాడు? ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

పాపం చిన్నపిల్ల, బెదిరిపోయింది. "చెవుల్లో మోత ఉందా అని అడిగాను సార్. 'నిన్నటి నుంచి సన్నగా కూత చెవిన పడుతోంది సిస్టర్, కాస్త చూడండి' అన్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చెవిన పడటమంటే చెవికి జబ్బు చేయడమా తల్లీ? ఊళ్లో కబురు చెవిన పడిందంటే చెవి చెడిందనా? కూత ఉందని చెప్పాడు. చెవిలో ఉందని ఎక్కడ చెప్పాడు? చూడమన్నది కూతని!"

అరిచేశాను. తర్వాత సిగ్గుపడ్డాను, ఆ అమ్మాయికి క్షమాపణ కూడా చెప్పాను. కానీ ఆ అరుపుకే అన్నయ్య ఇటు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా, కూత ఎక్కణ్నుంచి వస్తోంది?"

"ఏమో తమ్ముడూ. ముందు ఆ గోడ దగ్గర్నుంచే అనుకున్నా. ఎడమ పక్క. చెప్తే ఎవరైనా బాగుచేస్తారని చెప్పా. ఆ తర్వాత పెద్ద డాక్టర్లొచ్చి చెవే పోతోందన్నారు. మేస్త్రి కూడా మొదట్లో అలాగే అనుకున్నాడట, ఎక్కడో ఏదో మోగుతోందని." లేచి కూర్చున్నాడు. "నా చెవిని నేనే నమ్మలేకపోతున్నా."

డాక్టరమ్మ అప్పటికే లోపలికి వచ్చి నిలబడి ఉంది. "వరండాలోకి నడవగలరా?" అంది.

డ్రిప్పు స్టాండు కీచుమంటుండగా బయటికి నడిచాడు. స్టాండు ఆగింది. అన్నయ్య కళ్లు మూసుకున్నాడు. ఒకసారి తల కుడికి తిప్పాడు, ఒకసారి ఎడమకి.

"లేదు" అన్నాడు. నమ్మలేనట్టు మళ్లీ అన్నాడు. "ఇక్కడ లేదు."

లోపలికి వస్తే ఉంది. చెవిలోని మోత అయితే మనిషి వెంట వరండాలోకి కూడా రావాలి కదా. ఎడమ గోడ మీద, మంచం తలగడ వెనకాల, స్విచ్ బోర్డు. దానికి వదిన కొత్త చార్జరు వేలాడుతోంది, ఫోను లేకుండానే.

నేను చెవి పెట్టాను. ఏమీ వినపడలేదు. డాక్టరమ్మ పెట్టింది. తల అడ్డంగా ఊపింది. సిస్టరు వంగి, చెవి దానికి దాదాపు ఆనించింది. "అమ్మో, ఉందండీ! దోమలా, సన్నగా!"

డాక్టరమ్మకు అది చాలలేదు. ఆ బోర్డు మీద పక్కపక్కనే రెండు స్విచ్‌లున్నాయి. ఒకటి చార్జరుది, రెండోది దేనికీ కాదు. అన్నయ్యను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టి, పదిసార్లు నొక్కింది. ఏది నొక్కినా టక్కుమనే చప్పుడు ఒకటే. నొక్కిన ప్రతిసారీ అన్నయ్య 'ఉంది' అనో 'లేదు' అనో చెప్పాలి. పదికి పది సరిగ్గా చెప్పాడు. ఏడోసారి "ఉంది. మీరు ఉత్త స్విచ్ నొక్కారు" అని కూడా అన్నాడు.

అయినా చెవుల అమ్మాయిని మళ్లీ పిలిపించింది. వినికిడి పటంలో కొత్త గీత మొదటి రోజు గీత మీద అచ్చంగా కూర్చుంది. పొద్దున తీసిన రక్తం ఫలితం కూడా అప్పుడే వచ్చింది. నిన్నటి మందు దాదాపు పోయింది, కిడ్నీలు బాగానే పంపేస్తున్నాయి. డాక్టరమ్మ కుర్చీలో కూలబడి నవ్వడం మొదలుపెట్టింది. "ఈ ప్రశ్న ఇంక నేను మార్చి అడిగిస్తాను" అంది. ఒంటిగంటకు, రెండు గంటలు ఆలస్యంగా, నాలుగో డోసు ఎక్కింది. ఆ చుక్కలు పడుతుంటే చూడ్డం నాకెంత హాయిగా అనిపించిందో చెప్పలేను. గుండె మీంచి రాయి దించినట్టయింది.

వదిన కాగితం సంచీ ఒకటి పట్టుకుని పైకి వచ్చేసరికి గది గదంతా నవ్వుతోంది. సంగతి చెప్పాం.

"నా చార్జరా!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇన్నాళ్లూ నన్ను ఆడిపోసుకున్నావు" అన్నాడు అన్నయ్య. "జోరీగ ఎవరిదో ఇప్పుడు డాక్టరమ్మే తేల్చింది."

వదిన చార్జరు పీకి చెత్తబుట్టలో పడేసి, మంచం అంచున కూర్చుని, అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అది సంతోషం ఏడుపని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఓదార్చలేదు.

ఏడు డోసులూ పూర్తయ్యాయి. రక్తం మళ్లీ కల్చర్ చేస్తే ఏమీ మొలవలేదు. దెబ్బ ఆలస్యంగా కూడా బయటపడొచ్చని, ఆరు వారాల తర్వాత ఒకసారి రమ్మన్నారు. ముగ్గురం వెళ్లాం. చప్పుడు చొరబడని గాజు గదిలో కూర్చోబెట్టి అరగంట పరీక్షించారు. గీత కదల్లేదు. బయటికి వస్తూ అన్నయ్య ఆ అమ్మాయితో "ఎడమ ఇయర్‌ఫోను తీగ లోపల వదులైంది, చూపించుకో తల్లీ" అని చెప్పి వచ్చాడు.

మెట్ల దగ్గర వదిన మందుల చీటీ కోసం వెనక్కి వెళ్లింది. అన్నయ్య తన సంచీలోంచి ఒక నోటు పుస్తకం తీసి నాకిచ్చాడు. దాని అట్టకు లావుపాటి పెన్ను గుచ్చి ఉంది.

"ఆ రోజు మీ వదిన కిందికెళ్లి కొన్నది ఇదే. ఇంటికొచ్చాక నా చొక్కాల కింద దొరికింది." వదిన వెళ్లిన వైపు ఒకసారి చూశాడు. "తలుపు మూసున్నా, వరండాలో తను డాక్టరమ్మతో అన్నది నాకు వినపడింది తమ్ముడూ. 'చెవులు పోతే పోనివ్వండి, నాకు మనిషి కావాలి, చెప్పాల్సినవి రాసి చూపిస్తాను' అంది. ఇన్నేళ్లలో తను ఉత్తరం రాయడం నేను చూళ్లేదు."

పుస్తకం తెరిచాను. అన్నీ ఖాళీ కాగితాలే. మొదటి పేజీలో మాత్రం, పెద్ద పెద్ద వంకర అక్షరాలతో ఒకే ఒక్క వాక్యం ఉంది.

'ఏమండీ వినపడక పోయినా పరవలేదు నేను ఉన్నాను.'

అందులో ఒక దీర్ఘం లేదు. ఒక కామా లేదు. నా జేబులో ఎర్ర పెన్ను ఉంది. పుస్తకం మూసి ఆయన చేతికిచ్చేశాను.